కుడి, విరుదునగర్, పాప

మా బావ గురుసామి నోటి నుంచి 'కాదు' అనే మాట నేను మొదటిసారి విన్నది ఆయనకు యాభై దాటాక. అంతవరకు ఎవరు ఏం అడిగినా ఒకటే జవాబు: "సరి విడు, ముడిచ్చేద్దాం."

ఇది మా కోవిల్‌పట్టి వైపు తెలుగు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గడప మీద రెండూ కలిసిన మాటలు. తమిళంలో 'సరి విడు' అంటే సరేలే అని, ముడించడం అంటే పని పూర్తి చెయ్యడం. తెలుగులో ముడి అంటే ముడే. మా బావ చేసేది ఎప్పుడూ రెండోది. ఒప్పుకున్న ప్రతి పనికీ మర్చిపోకుండా భుజం మీది తుండుకు ఒక ముడి వేసుకునేవాడు. సాయంత్రానికి ఆ తుండుతో ముఖం తుడుచుకుంటే చెంపలు గీసుకుపోయేవి. ఏ ముడి ఎవరిదో మాత్రం ఆయనకు ఒక్కనాడూ గుర్తుండేది కాదు.

నేను ఆయన మరదల్ని, శివరంజనిని. బావను ఆటపట్టించే హక్కు నాకు పుట్టుకతో వచ్చింది, దాన్ని ఎవరికీ వదులుకోను. విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు ఆఫీసులో పని చేస్తాను. మా అక్క పాపమ్మాళ్ ఆయన భార్య. ఇంట్లో అందరికీ ఆమె 'పాప'. కోవిల్‌పట్టిలో ఇంటి వసారాలో మిషను పెట్టుకుని రవికలు కుడుతుంది. కూతురు ప్రియా మదురైలో హాస్టల్లో ఉంది కాబట్టి ఇంట్లో ఇప్పుడు ఇద్దరే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, అది ఇక్కడ రాయను. బావ మొహమాటం మాత్రం మా అక్క కంటి మీదికి వచ్చింది. అది చెప్పడానికే ఈ రాత.

బావది కయత్తారు దగ్గర పల్లె. నల్లరేగడి, మినుములు, పత్తి, వానకోసం ఎదురుచూపు. చదువు అంతంతమాత్రం కావడంతో నూలు మిల్లులో చేరాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మిల్లు మూతపడింది. అప్పుడు ఊళ్ళో టీ కొట్టాయన ఒకచోట చెప్పాడు, బడి అయ్యవారు ఇంకొకచోట చెప్పాడు, గుడి పూజారి ఇంకో మిల్లు మేస్త్రీ ఇంటిదాకా వెంట నడిచాడు. అలా పదిమందీ కలిసి ఇప్పటి మిల్లులోకి నెట్టారు. స్టోర్సులో ఊడ్చే పనితో మొదలై ఆ స్టోర్సుకే పెద్దయ్యాడు. "ఆనాడు అడిగితే ఒక్కరు గూడ కాదనలే, మరదలా. ఇప్పుడు నేను కాదంటే అన్నం దిగదు" అంటాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన్ను ఆటపట్టించబుద్ధి కాదు.

కానీ ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత. ఒకరి ఇంటికి కరెంటు కనెక్షను పేరు మార్పించాలి, ఇంకొకరి బోరు మోటారు పైకి తీయించాలి, ఎవరి కోడలికో రేషను కార్డులో పేరెక్కించాలి. ఊరి పనులన్నీ ఆయన నెత్తిన. ఇంట్లో గ్యాసు అయిపోతే అక్క పక్కింటి పొయ్యి మీద కూర వండుకునేది.

కొన్నేళ్ళ కింద మిల్లుకు ఒక శిక్షణ వచ్చింది. జపాను వాళ్ళ పద్ధతట, అయిదు ఎస్ అంటారు. అక్కర్లేనిది వేరు చెయ్యాలి, ఉన్నదానికి ఒక చోటు పెట్టాలి, ఊడ్చి తుడవాలి, దాన్నే పద్ధతిగా చెయ్యాలి, పద్ధతిని అలవాటుగా నిలబెట్టాలి. ఇంత చిన్న విషయానికి జపానుదాకా పోవడం ఎందుకని నాకు అనిపించింది. బావకు మాత్రం దేవుడు కనిపించినట్టయింది. స్టోర్సులో ప్రతి స్పానరు చుట్టూ పసుపు రంగు గీత గీశాడు. బేరింగులకు వరసలు, బెల్టులకు కొక్కేలు. కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే కావలసిన వస్తువు చేతిలోకి వచ్చేది. మిల్లు వాళ్ళు శాలువా కప్పారు. ఆ ఉత్సాహంలో ఇంటికొచ్చి వంటింటి గోడ మీద అట్లకాడ బొమ్మ, గరిటె బొమ్మ గీసి, ఏది ఎక్కడ తగిలించాలో అక్కకు పాఠం చెప్పాడు. మర్నాడు చూస్తే అట్లకాడ బొమ్మ మీద చీపురు వేలాడుతోంది.

"ఇదేంది పాపా?" అన్నాడట.

"అయ్యా, చీపురుకు నువ్వు బొమ్మ ఎయ్యలే. పావం, యాడ పోతాది అది?" అంది మా అక్క. వంటింట్లో అయిదు ఎస్ కథ ఆరోజుతో సరి.

అసలు పని మొదలైంది ఒక ఆదివారం. ఆ ఒక్కరోజుకే ముగ్గురికి మాటిచ్చాడు. ఒకరింట్లో చెవులు కుట్టే వేడుక, ఒకరి బోరు మోటారు, ఇంకొకరితో చీరలకోసం అరుప్పుకోట్టై ప్రయాణం. ముగ్గురూ ఇంటి ముందుకు వస్తారని తెలిసి బావ దేనికీ పోలేదు. సెలవునాడు మిల్లుకు పోయి, స్టోర్సు తలుపు లోపలనుంచి వేసుకుని, బేరింగుల మధ్య దాక్కున్నాడు. అక్కడ కూర్చుని ఆలోచించాడట. ఈ గదిలో ఇన్ని వేల వస్తువులు ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోదు. ఎందుకు? కార్డు లేకుండా ఏదీ లోపలికి రాదు. చోటు లేకుండా ఏదీ ఉండదు. మరి నా పనులు మాత్రం ఎవరి నోటి నుంచో ఊడిపడి నా నెత్తిన ఎందుకు కూర్చోవాలి?

మర్నాడు వసారాలో, అక్క మిషనుకు ఎదురుగా, ఒక తెల్ల బోర్డు వెలిసింది. రూల్సు కూడా వెలిశాయి. నోటిమాట చెల్లదు, ఎవరైనా సరే కార్డు రాసి పెట్టాలి. కార్డు మీద మూడే మాటలు ఉండాలి: ఏంది, యాడ, ఎవరికి. అంతకన్నా ఎక్కువ రాస్తే కథ అవుతుందట. బోర్డులో 'ఇప్పుడు' అనే గడిలో మూడు కార్డులకే చోటు, ఒకటి తీస్తేగాని ఇంకొకటి ఎక్కదు. చెయ్యాలో వద్దో తేలని వాటికి, తొందర లేనివాటికి మిల్లులోలాగా ఎర్ర చుక్క పెట్టి కింద ఒక మూల 'చూద్దాం' గడిలో వెయ్యాలి.

నేను చూసి నవ్వాను గాని, నిజం చెప్పాలి, అది పనిచేసింది. అడగడానికి వచ్చినవాడికి కార్డూ పెన్నూ చేతికిస్తే సగంమంది "పరవాలే, నేనే చూసుకుంటా" అని వెనక్కిపోయారు. రాయడానికి బద్ధకమైన పని చెయ్యడానికి అవసరమైంది కాదని ఆ బోర్డే తేల్చేసింది. ఒప్పుకున్న మూడూ చేసి, కార్డు చించి, బావ హాయిగా కాళ్ళు బారజాపుకుని కూర్చునేవాడు. తుండుకు ముడులు పోయాయి. ఇంటికి గ్యాసు వేళకు వచ్చింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడే మనిషి ఫోన్ పక్కన పెట్టి పల్లీలు తినడం నేను కళ్ళారా చూశాను. ఆ మనిషిని చూసి నా ప్రాణం కూడా కుదుటపడింది.

ఇక అక్షరాల సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేదే గాని చదివేది కాదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పప్పు మిల్లుకు ఆంధ్రా నుంచి వచ్చే బస్తాల మీది పేర్లు చూసి. అక్కకూ బావకూ వచ్చింది బడిలో నేర్పిన తమిళ లిపి. తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. చిక్కేమిటంటే, తమిళంలో క కూ గ కూ ఒకటే అక్షరం. ఏది పలకాలో చదివేవాడే తెలుసుకోవాలి. పుట్టిన దగ్గరనుంచి అలాగే చదువుతున్నాం కాబట్టి మాకది చిక్కని కూడా అనిపించదు.

బోర్డు వచ్చిన కొన్నాళ్ళకు అక్క వీధిలో కంటి శిబిరం పెట్టారు. అక్కకు అప్పటికే సాయంత్రాలు దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి. కుడి కన్ను లోపల నొప్పి, సూదిలోకి దారం ఎక్కేది కాదు. చూసిన డాక్టరు కుడి కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందన్నాడు. చుక్కల మందు ఇచ్చి, ఇది తాత్కాలికమే, తొందరగా విరుదునగర్ కంటి ఆస్పత్రికి పోండి, ఈ జబ్బులో పోయిన చూపు మళ్ళీ రాదు అని గట్టిగా చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం అక్క బావతో చెప్పబోయింది. బావ ఫోన్లో ఎవరికో బోర్డు మహిమ వివరిస్తున్నాడు. "ఏమయ్యా, విరుదునగర్ పోవాల..." అని ఆమె మొదలుపెట్టగానే ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "కార్డు రాసి పెట్టు పాపా. రూలు అంటే అందరికీ రూలే" అన్నాడు.

మా అక్క కోపం కేకలు వేసే కోపం కాదు. పళ్ళ మధ్య దారం తెంపినట్టు మాట తెంపేస్తుంది, అంతే. లేచి కార్డు తీసుకుని ఆయన చెప్పిన రూలు ప్రకారం లెక్కగా మూడు మాటలు రాసింది: కుడి, విరుదునగర్, పాప. ఏంది, యాడ, ఎవరికి. బోర్డుకు గుచ్చి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఎప్పటికి చూస్తాడో చూద్దాం అనుకుంది.

బావ చూశాడు. ఆ రాత్రే చూశాడు. చదివి సంతోషించాడు కూడా. ఎందుకంటే ఆయన చదివింది 'గుడి'. గుడి, విరుదునగర్, పాప. విరుదునగర్ మారియమ్మ గుడికి పోవాలని పాపకు మొక్కు ఉన్నట్టుంది, పంగుని పొంగలికి తీసుకుపోదాం అనుకున్నాడు. పంగుని అంటే ఎండాకాలం మొదట్లో వచ్చే తమిళ నెల, అమ్మవారి జాతర అప్పుడే; దానికి ఇంకా నెలలున్నాయి. "దేవుడి పనికి తొందర లేదు, దేవుడు యాడికీ పోడు" అనేది ఆయన వాడుక మాట. ఎర్ర చుక్క పెట్టి ఆ కార్డును 'చూద్దాం' గడిలో వేశాడు.

పొద్దున అక్క ఆ ఎర్ర చుక్క చూసింది. నా కన్ను ఈ మనిషికి తొందర లేని పని అనుకుంది. ఇంక నోరు విప్పితే ఒట్టు.

నాకు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బస్సెక్కితే గంటన్నర దూరంలో నేను ఉన్నాను. ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ "కట్టుకున్నవాడు తీసుకుపోని ఆస్పత్రికి చెల్లెలు తీసుకుపోతే ఊరు నవ్వదా" అని తరువాత అడిగితే చెప్పింది. ఒకరిది రూలు, ఇంకొకరిది పంతం. మధ్యలో కన్ను. అక్క చుక్కల మందు వేసుకుంటుంటే ఒకరోజు బావ అడిగాడట, "ఏంది పాపా, కంట్లో దుమ్ము పడినాదా?" అని. "ఆ, పడినాది" అందట మా అక్క. సరి అని ఆయన మిల్లుకు పోయాడు. రవికల పని తగ్గించుకుంది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటావిడను పిలిచేది. చుక్కల మందు సీసా అడుగంటుతోంది.

ఇలా ఉండగా ఒక శనివారం సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. బావతో మిల్లులో పనిచేసే ఫిట్టరు తంగపాండి. ఒకసారి బావ తన ఫోన్ పోగొట్టుకుని అతని ఫోన్ నుంచి నాతో మాట్లాడాడు, అలా నా నంబరు అతని దగ్గర ఉండిపోయింది. తంగపాండి తమిళుడు, తెలుగు ముక్క రాదు. గొంతు తగ్గించి, "అక్కా, అణ్ణాచ్చి కుడిక్కిరారా?" అన్నాడు. అన్నగారు తాగుతున్నాడా అని అడుగుతున్నాడు.

నేను నవ్వాను. మా బావ కల్లు వాసన వస్తేనే రోడ్డు దాటి నడిచే మనిషి. కానీ తంగపాండి నవ్వలేదు. తన పనికోసం కార్డు పెడదామని ఇంటికి పోయాడట. బోర్డు మీద తన కళ్ళతో చదివాడట. తమిళంలో 'కుడి' అంటే తాగుడు. తాగుడు, విరుదునగర్, పాప. తంగపాండికి మా అక్క 'మదిని'గానే, అంటే వదినగానే తెలుసు, పేరు తెలియదు. విరుదునగర్‌లో పాప అనే ఆడమనిషి ఎవరో ఉందని, అణ్ణాచ్చి అక్కడికి పోయి తాగుతున్నాడని, అది మర్చిపోకుండా ఇంట్లో బోర్డు మీదే రాసుకునేంత బరితెగించాడని అతను నిశ్చయించుకున్నాడు. "మదిని కళ్ళు ఎర్రగా ఉన్నాయక్కా. ఏడ్చి ఏడ్చి ఉంటారు. నా నోటితో ఎట్ల అడిగేది? మీరే వచ్చి చూడండి" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. సాత్తూరు దాటేసరికి కోపం పూర్తిగా ఉడికింది. బావ తాగుతాడని నమ్మలేదు, కానీ అక్క కళ్ళు ఎర్రబడ్డాయన్న మాట నన్ను కూర్చోనివ్వలేదు.

ఇల్లు చేరేసరికి బావ బోర్డు తుడుస్తున్నాడు, అక్క మిషను దగ్గర ఉంది. "రా మరదలా, రా రా" అన్నాడు బావ, పళ్ళన్నీ కనపడేలా.

నేను సరాసరి బోర్డు దగ్గరికి పోయి ఆ కార్డు ఊడబెరికి ఆయన ముక్కు ముందు పెట్టాను. "ఇదేంది బావా? విరుదునగర్‌లో ఎవరింట్లో తాగతా ఉండావు?"

"ఏందీ?" బావ నోరు తెరిచాడు. "తాగేదా? నేనా? శివశివా! అయ్యో, తమిళంలో చదివినావా మరదలా? అది మన తెలుగు కదా. గుడి! మారియమ్మ గుడి. పాపకు మొక్కుండాది. పంగుని పొంగలికి పిలుచుకొని పోదామని పెట్టినాను."

మిషను ఆగింది.

"గుడి కాదు" అంది అక్క. తల తిప్పలేదు, కుట్టు మీదే చూస్తోంది. "కుడి."

"ఏందే?"

"కుడి కన్ను. నా కుడి కన్ను. విరుదునగర్ ఆస్పత్రికి పొమ్మన్నారు. లేటు చేస్తే చూపు పోతాదన్నారు. పోతే మళ్ళీ రాదన్నారు. మూడు మాటలే రాయమన్నావు, మూడు రాసినాను. ఎర్ర చుక్క పెట్టినావు."

ఒకే కార్డు. నేను కోపంతో, ఆయన భక్తితో, ఆమె నొప్పితో చదివాం. బావ కార్డు తీసుకుని మళ్ళీ చూశాడు. పెదవులు కదుపుతూ ఒకసారి గ పెట్టి, ఒకసారి క పెట్టి చదివాడు. తరువాత కిందికి జారి, మిషను తొక్కుడు పలక పక్కన నేలమీదే కూర్చుండిపోయాడు.

"చెప్పకూడదా పాపా? నోటితో ఒక మాట చెప్పకూడదా?"

"నోటిమాట చెల్లదంటివి కదా" అంది అక్క.

ఎవరి మీద అరవాలో తెలియక ఇద్దరి మీదా అరిచాను. నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను, దాచుకోలేదు. నాకు భయం వేసినప్పుడు నోరు అలాగే లేస్తుంది. బావ లేచి, రెండు చీరలు, ఆ మందు సీసా, డాక్టరు కాగితం ఒక సంచిలో పెట్టాడు. ఆ సాయంత్రమే ముగ్గురం విరుదునగర్ మా ఇంటికి బయల్దేరాం. సాత్తూరు బస్టాండులో కిటికీ దగ్గరికి దోసకాయలు వచ్చాయి. బావ కొని, ముక్కకు కారం అద్ది అక్కకు ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ కుడి పక్కనుంచి చెయ్యి చాపి చూశాడు, కనపడుతుందా లేదా అని. అక్కకు ఆ చెయ్యి కనపడలేదు, ముక్కకోసం ఎడమచేత్తో వెతుక్కుంది. బావ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సోమవారం ఆస్పత్రి తెరవకముందే వాకిట్లో ఉన్నాం. చీటీ రాయించి బెంచీ మీద కూర్చున్నాక బావ ఫోన్ మోగింది. గుడి కమిటీ పెద్దమనిషి. కొత్త మైకు సెట్టుకు మనిషి కావాలి, సాయంత్రంలోపల చూసిపెట్టాలట. నేను బావ ముఖమే చూస్తున్నాను. ఎప్పటిలాగే "సరి" దాకా వచ్చింది నోట్లో. ఆగాడు. అక్క వైపు చూశాడు.

"కాదు అణ్ణా. నా వల్ల కాదు" అన్నాడు. అవతల ఏదో అడిగారు. "లేదు, రేపు గూడ కాదు. వేరే ఎవరినైనా చూడండి."

ఫోన్ పెట్టేసి, అదేదో పేలుతుందేమో అన్నట్టు కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ కాలేదు. ఆకాశం ఊడిపడలేదు, పెద్దమనిషి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. "ఇంతేనా మరదలా?" అన్నాడు నాతో, వింతగా. ఇంతే బావా అన్నాను. యాభై ఏళ్ళు మోసిన మూట అంత సులువుగా దిగుతుందని ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ అక్క కన్ను చూసి మమ్మల్ని లోపలికి పిలిచింది. కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకైపోయిందని, లేజరుతో చిన్న రంధ్రం చేసి దారి ఇస్తానని, ఎడమ కంటికి కూడా ముందుజాగ్రత్తగా తరువాత చెయ్యాలని చెప్పింది. ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగింది. బావ తలొంచుకున్నాడు. "కార్డు తప్పు చదివినామమ్మా" అన్నాడు తమిళంలో. ఆవిడకు ఏం అర్థమైందో గాని ఇంక తిట్టలేదు. లేజరు పెట్టింది కాసేపే. "ఒత్తిడి దిగాలి. చూపు ఎంత నిలిచిందో వారం తరువాత చూస్తేగాని చెప్పలేను" అంది.

ఆ వారం అక్క మా ఇంట్లోనే ఉంది. బావ కోవిల్‌పట్టికి పోయి, 'చూద్దాం' గడిలోని కార్డులన్నీ తీసుకుని, రాసినవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కటిగా తిప్పి ఇచ్చి వచ్చాడు. చేస్తానన్నది 'ఇప్పుడు' గడిలో ఉంటుంది, చెయ్యలేనిది నా ఇంట్లో ఉండదు అని చెప్పాడట. కొందరు ముఖం ముడుచుకున్నారు. ఎక్కువమంది, "అదా, ఎప్పుడో అయిపోయిందిలే" అన్నారట. తంగపాండి మాత్రం బావ చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. "నువ్వు అట్ల చదవకపోతే నేను ఇంకా గుడి అనే చదువుకుంటా ఉండేవాణ్ణి తంబీ" అని బావ అతనికి టీ తాగించాడు. రోజూ మిల్లు అవగానే బస్సెక్కి విరుదునగర్ వచ్చి, అక్కకు చుక్కల మందు వేసి, చివరి బస్సుకు పోయేవాడు. నేను వేస్తాను కదా బావా అంటే వినలేదు. అక్క ఆ వారమంతా ఆయనతో ఎక్కువ మాట్లాడలేదు. కానీ ఆయన వచ్చే వేళకు కాఫీ తానే పెట్టేది, నన్ను పెట్టనివ్వలేదు.

వారం తరువాత మళ్ళీ ఆస్పత్రి. ఒత్తిడి కొలిచి డాక్టరమ్మ తల ఊపింది, దిగిందన్నట్టు. తరువాత అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ కంటికి అడ్డం పెట్టి, ఎదురు గోడ మీద అక్షరాల అట్ట చదవమంది. బావ ఆ అట్ట పక్కనే, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు ఇంకెక్కడ నిలబడాలో తోచలేదు పాపం.

పై వరస చదివింది అక్క. రెండో వరస చదివింది. మూడో దాంట్లో ఒకచోట ఆగి, కన్ను చిట్లించి, మళ్ళీ చదివింది. నాలుగోది. అయిదోది. చివరి వరసలో రెండు అక్షరాలు మిగిలుండగా ఆగిపోయింది.

"పక్కలు కొంచెం మసకగా ఉంటాయి, అది అంతే. మిగతాదంతా నిలిచింది" అంది డాక్టరమ్మ. నవ్వుతూ, "ఇంకేమైనా కనిపిస్తోందా అమ్మా?" అని అడిగింది.

అక్క అట్ట వైపే చూస్తోంది. అంతవరకు తమిళంలో జవాబు చెప్పిన మనిషి తెలుగులోకి తిరిగింది.

"ఆ అట్ట పక్కన ఒక మనిషి నిలబడి ఏడస్తా ఉండాడు. అది గూడ చదవాలనా?"

బావ తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనకనుంచి, "కనపడతా ఉండానా పాపా?" అన్నాడు.

"బాగా కనపడతా ఉండావు. ముక్కు తుడుచుకో ముందు" అంది మా అక్క.